మూగజీవులు - రక్తపరీక్ష

కుక్కను గాని పిల్లిని గాని ముద్దుగా పెంచుకొనువారు మా యొద్దకు వచ్చినపుడు, "కొంచెము రక్తము తీయవలెను" అని మేము అనగానే వారి ముఖములు చిన్నవోవును. "ఇప్పటికే చిక్కి సగమైనది, ఉన్న నెత్తురు కూడ తీసినచో ఎట్లు బ్రతుకును?" అని ఇల్లాలు అడుగును. ఆ ప్రశ్న ప్రేమవలన పుట్టినది. దానికి బదులు చెప్పుట మా విధి.

మొదట లెక్క చూతము. కుక్క శరీరమున ప్రతి కిలో బరువునకు సుమారు 80 నుండి 90 మిల్లీలీటర్లును, పిల్లికి 55 నుండి 65 మిల్లీలీటర్లును రక్తముండును. 10 కిలోల కుక్కకు 800 మిల్లీలీటర్లకు తక్కువ ఉండదు. సామాన్య పరీక్షలకు మేము తీయునది రెండు మూడు మిల్లీలీటర్లు. అది నూటికి అరపాలు కూడ కాదు. చిన్న పిల్లలకు బరువునుబట్టి ఇంకను తగ్గింతుము.

ఆ కొలది రక్తముతో ప్రయోజనమేమి? పిడుదులు కుట్టిన కుక్కకు జ్వరము వచ్చును, తిండి సయించదు, చిగుళ్ళు పాలిపోవును. ఎర్లీషియా అను సూక్ష్మజీవి తెల్లకణములలో చేరినను, బాబేసియా అనునది ఎర్రకణములలో చేరినను పై లక్షణములు ఇంచుమించు ఒక్కటే. మందులు మాత్రము వేరు. గాజుపలకపై పూసి రంగు వేసిన ఒక్క చుక్కను సూక్ష్మదర్శినితో చూచినపుడు కొన్నిమార్లు ఆ భేదము తెలియును.

ఒక కుటుంబమువారు జ్వరపడిన కుక్కను తెచ్చి, రక్తము తీయుటకు ఒప్పుకొనక వెళ్ళిపోయిరి. నాలుగవనాడు మరల వచ్చునప్పటికి దాని చిగుళ్ళు కాగితమువలె తెల్లబడినవి. అప్పుడు రక్తము తీయుట కాదు, ఎక్కింపవలసి వచ్చినది. వారి బంధువుల పెద్దకుక్క దాతయైనది. రోగి బ్రతికినది. కాని నాడు చెంచాడు రక్తమునకు వెనుదీసినందున, నేడు మరియొక ప్రాణి రక్తము అంతకు ఎన్నో రెట్లు కావలసి వచ్చినది గదా!

ఇక తీయు విధానము. కుక్కకు ముంగాలి ముందువైపున గాని, వెనుకకాలి వెలుపలివైపున గాని, మెడలో గాని ఉన్న సిరనుండి తీయుదుము. పిల్లికి మెడ, తొడ లోపలివైపు అనువైన తావులు. వెండ్రుకలు కత్తిరించి, స్పిరిటుతో తుడిచి, సహాయకుడు బొటనవ్రేలితో అదిమి సిరను ఉబ్బించును. సిరంజిని మెల్లగా లాగవలెను. తొందరపడి లాగినచో ఎర్రకణములు చితికి ఫలితము తప్పుదారి పట్టించును. గడ్డకట్టనీయని మందున్న గొట్టమును కుదిపివేయక, మెల్లగా తలక్రిందులు చేసి కలుపుదుము. తరువాత దూదితో ఒకటి రెండు నిమిషములు గట్టిగా అదిమి పట్టుట మరువరాదు.

యజమానులు చేయవలసినదియు కొంత కలదు. పరీక్షకు ముందు ఎనిమిది మొదలు పండ్రెండు గంటలు తిండి పెట్టకుండుట మంచిది; నీరు ఇయ్యవచ్చును. అయితే పసికూనలకు, మధుమేహమున్నవానికి ఉపవాసము వైద్యుని అడిగియే పెట్టవలెను. ఇచ్చిన మందులన్నిటిని చెప్పవలెను. పిల్లిని మూతగల బుట్టలో, తనకు అలవాటైన గుడ్డ పరచి తీసికొనిరండు. భయపడిన పిల్లి రక్తములో చక్కెర పెరుగును. కనుక ఒక్క పరీక్షతో దానికి మధుమేహమని తేల్చరాదు. కరచు అలవాటున్నచో దాచక చెప్పుడు. మూతికి చిక్కము వేయుట అవమానము కాదు. ఒకవేళ ఎవరినైన కరచినచో, గాయమును సబ్బుతో, ధారగా పడు నీటితో 15 నిమిషములు కడిగి వెంటనే వైద్యుని చూడవలెను.

మనుష్యుడు తన బాధను నోటితో చెప్పుకొనును. మూగజీవికి ఆ భాగ్యము లేదు. అది చెప్పలేని మాటను దాని రక్తము చెప్పును. సూదిపోటు క్షణకాలము; ఆ క్షణమున మీరు ప్రక్కన నిలిచి నెమ్మదిగా పేరుపెట్టి పిలిచినచో, దానికి అంతకు మించిన ధైర్యము లేదు.