ఏటికి ఇరువైపులా ఒకే భాష



ఈ ఉగాదినాడు మన విద్యార్థులకు పనికివచ్చే సంగతి ఒకటి చెప్పుకొందాము. మన పిల్లలు కొందరు నేడు యూరపుకు చదువుకై వెళుతున్నారు. అక్కడ చదువులో భాగంగా సరిహద్దు ప్రాంతాలకు విజ్ఞానయాత్రలు కూడా చేస్తుంటారు. అట్టి యాత్రకు స్పెయిను, ఫ్రాన్సుల నడుమనున్న బాస్కు సీమ ఎంతో తగినది.

స్పెయినులోని సాన్ సెబాస్టియన్ నగరంలో చిన్న రైలెక్కితే బిదసోవా అనే ఏరు దాటి ఫ్రాన్సులోని ఆందాయ్ పట్టణంలో దిగవచ్చును. ఆ ఏటి నడుమ రెండెకరాలైనా లేని ఫెజంట్ ద్వీపమున్నది. 1659లో ఇరురాజ్యాలవారు అక్కడే సంధి చేసుకొన్నారు. నేటికీ ఆ ద్వీపం ఆరు నెలలు స్పెయినుది, ఆరు నెలలు ఫ్రాన్సుది. నాలుగు బాస్కు మండలాలు అటు, మూడు ఇటు నిలిచినవి. భాష మాత్రం ఒక్కటే. ప్రపంచంలో దానికి చుట్టమైన భాష మరొకటి ఉన్నట్లు ఇంతవరకు రుజువు కాలేదు. బాస్కు మనిషిని వారు ‘ఎఉస్కల్దున్’ అంటారు. ‘బాస్కు భాష కలవాడు’ అని దాని అర్థము.

ఫ్రాంకో పాలనలో స్పెయినులో ఆ భాషకు బడిలోను, కచేరీలోను చోటు లేకపోయెను. తల్లిదండ్రులు చాటుమాటుగా ‘ఇకాస్తోలా’ అనే బడులు నడిపారు. 1979లో స్వపరిపాలన వచ్చి అక్కడి మూడు మండలాలలో బాస్కు అధికారభాష అయినది. ఫ్రాన్సులో అట్టి హోదా నేటికీ లేదు. అయినా 1969లో అక్కడి తల్లిదండ్రులు ‘సెయాస్కా’ అనే సంఘం పెట్టి తమ బడులు తామే తెరిచారు. 2021 లెక్కల ప్రకారం ఆ స్వపరిపాలక ప్రాంతంలో పదహారేళ్ళు నిండినవారిలో నూటికి సుమారు 36 మందికి, ఫ్రాన్సు వైపు సుమారు 20 మందికి బాస్కు వచ్చును. ప్రభుత్వపు అండ ఉండుటకు, లేకుండుటకు గల తేడా ఇందులో కొంత కనబడుతుంది.

మనకు మరింత దగ్గరైన విషయమొకటి ఉన్నది. బాస్కులకు ఆశుకవులున్నారు. వారిని ‘బెర్త్సొలారి’ అంటారు. మన అవధానంలో పృచ్ఛకునివలె ఒకరు విషయమిస్తారు. కవి ఆ క్షణాననే అంత్యప్రాసలు కూర్చి, రాగం కట్టి పాడుతాడు. నాలుగేళ్ళకొకసారి జరిగే పోటీ కడపటి రోజున పదివేలకు పైగా జనం కూడుతారు. 2013లో గెలిచిన ఆమెట్స్ అర్సాలుస్ ఫ్రాన్సు వైపువాడు. 2009లో గెలిచిన మైయాలెన్ లుహాన్బియో ఆ బిరుదు పొందిన మొదటి స్త్రీ.

ఈ యాత్ర మనకు చెప్పేదేమి? 1953, 1956లలో రాష్ట్రాల గీతలు మారినప్పుడు మనలో కొందరి ఊళ్ళు కన్నడదేశంలో నిలిచినవి. మరికొందరి పెద్దలు అంతకు ఎన్నో తరాల ముందే ఇక్కడికి వచ్చారు. కన్నడం మనకు అన్నం పెట్టిన భాష. దానిని మన పిల్లలు చక్కగా నేర్వవలసినదే. కాని ఇంట తెలుగు మాట్లాడే పిల్లలలో ఈ సంచికను చదవగలవారు ఎందరు? ఏటికొక పచ్చడి, ఒక హరికథ ఉంటే చాలునా? బాస్కు తల్లిదండ్రులు హోదా కోసం అడుగుతూనే, అది వచ్చేదాకా ఆగక బడి తెరిచారు. మనమూ వారానికి రెండు గంటలు ఒక గదిలో పిల్లలను కూర్చోబెట్టి ‘అ, ఆ’లు దిద్దించలేమా? గది చూపేవారు, చెప్పగలవారు నేడే పేర్లివ్వవలెనని కోరుతున్నాము.