దేవయోనులు – వారియెడ మన మర్యాద
(గ్రంథాలయ రజతోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠము)



మన గ్రంథాలయమున పిల్లలు ఆసతో అడిగి తీసికొనిపోవు పుస్తకములలో దేవకన్యల కథలు ముఖ్యమైనవి. ఆ బొమ్మలలో ఱెక్కలుగల చిన్నారి స్త్రీలు పూలపై కూర్చుండియుందురు. ఇట్టివారు మన ఊరి పొలములలోను ఉందురా యని పిల్లలు ప్రశ్నింతురు. నవ్వి ఊరకుండుట సులభము. కాని ఆ ప్రశ్న మన చెరువుతో, చెట్టుతో, పొలముతో ముడిపడినది. కావున సమాధానము చెప్పవలసినదే. నేను గురుముఖమున శాస్త్రము చదివినవాడను కాను. పగలు లెక్కలు వ్రాసికొని, రాత్రి భారత భాగవతములు ముందు పెట్టుకొని కూర్చున్నవాడను. అందు నాకు దొరికినది మనవి చేసెదను.

మన పూర్వులు వీరికి దేవయోనులని పేరిడిరి. అమరసింహుడు తన నిఘంటువున విద్యాధరులు, అప్సరసలు, యక్షులు, రాక్షసులు, గంధర్వులు, కిన్నరులు, పిశాచములు, గుహ్యకులు, సిద్ధులు, భూతములు అని పది తెగలను లెక్కించెను. ఇందొక విశేషము గమనింపుడు. మనోహరులైన అప్సరసలును, వెఱపు గొలుపు పిశాచములును ఒకే వరుసలో నిలిచియున్నారు. వీరు దేవతలంత పైవారు కారు, మనవలె నేల దున్నువారును కారు. పలువురికి ఒక నెలవు కలదు: ఒకనిది కొలను, ఒకనిది చెట్టు, ఒకనిది కొండ. మర్యాద చేసినవారికి మేలు చేయుదురు, మీఱినవారిని దండింతురు. ఇది మన కథలన్నింట కనబడు వీరి స్వభావము.

ఇతర దేశములవారును ఇట్లే తలంచిరి. మన ప్రాంతపు ఉర్దూ కథలలో వచ్చు 'పరీ' పారసీకము నుండి వచ్చిన మాట. ఆంగ్లేయుల 'ఫెయిరీ' దానివలె వినబడినను, విధిని తెలుపు లాటిను పదమునుండి పుట్టినది. ఐర్లండు పల్లెవారు వీరిని అసలు పేరుతో పిలువక 'మంచివారు' అందురు. మన యిండ్లలో రాత్రివేళ పామును 'పురుగు' అనుటయు, పూర్వము మశూచికమును 'అమ్మవారు' అనుటయు ఇట్టి జాగ్రత్తయే. 1999లో ఆ దేశపు క్లేర్ జిల్లాలో లటూన్ అనుచోట పెద్ద రహదారి వేయుటకు పూనుకొనిరి. దారికి అడ్డువచ్చు ముండ్లచెట్టొకటి ఆ మంచివారి నెలవని, కొట్టరాదని ఎడ్డీ లెనిహన్ అను కథకుడు పట్టుపట్టెను. తుదకు చెట్టును నిలిపియే రహదారి వేసిరి.

ఇక వీరిని సమీపించు పద్ధతి యేది? దానిని నేర్పుటకు ఎఱ్ఱన తెనిగించిన అరణ్యపర్వ భాగములోని యక్షుని కథ చాలును. దప్పిగొన్న నకులుడు కొలనికి వచ్చెను. ఈ నీరు నాది, నా ప్రశ్నలకు ఉత్తరము చెప్పి త్రాగుమని ఒక కంఠము పలికెను. అతడు లెక్కసేయక త్రాగి పడిపోయెను. సహదేవుడు, అర్జునుడు, భీముడు నట్లే పడిరి. ధర్మరాజునకును దప్పి తక్కువ కాదు. అయినను ఆగెను, వినెను, బదులు చెప్పెను. తమ్ములలో ఒక్కని బ్రతికింతునని యక్షుడు పలుకగా, మాద్రికిని ఒక కుమారుడు మిగులవలెనని నకులుని కోరెను. ఆ ధర్మబుద్ధికి మెచ్చి యక్షుడు నలువురను బ్రతికించెను. బలము చాలక తమ్ములు పడలేదు. నీటికొక యజమాని యున్నాడను మాటను చెవిని పెట్టక పడిరి.

మర్యాద యనగా లొంగిపోవుట యని కొందఱు భ్రమింతురు. మనుచరిత్రమున ప్రవరుడు హిమాలయమున దారితప్పి అప్సరసయగు వరూధినిని చూచినప్పుడు ఆమె యెవరో వినయముగా అడిగెను, తన ఊరికి దారి చెప్పుమనెను. ఆమె కోరిన కోరికను మాత్రము ఒల్లడాయెను. మన్నన చూపవలెను, మన హద్దును మనము కాచుకొనవలెను. పెద్దన చూపిన యీ నడక నేటికిని ఆదర్శము.

చెట్టు విషయమున ఆఱవ శతాబ్దమువాడగు వరాహమిహిరుడు బృహత్సంహితలో చెప్పిన విధి మిక్కిలి ముచ్చటైనది. ప్రతిమ చెక్కుటకై చెట్టు కావలసినప్పుడు ముందటి రాత్రి దానిని పూజించి, బలి యిచ్చి, అందున్న భూతములను వేఱొకచోట నివాసము చేసికొనుడని వేడవలెను. తెల్లవారిన పిదపనే గొడ్డలి యెత్తవలెను. కాపురమున్నవానికి ముందుగా తెలిపి ఇల్లు ఖాళీ చేయించుట వంటిదే ఇది. దేవుని ప్రతిమకైనను అడుగక చెట్టు కొట్టరాదనుట ఆ విధిలోని సారము.

ఇక మన సీమకు వత్తము. తెలంగాణమున చెరువు కట్టపై మైసమ్మను నిలుపుట తరతరముల ఆచారము. హైదరాబాదున హుస్సేనుసాగరు కట్ట దిగువను కట్టమైసమ్మ గుడి నేటికిని కలదు. పలుచోట్ల గోపురము లేదు, ప్రాకారము లేదు. పసుపు పూసి కుంకుమ పెట్టిన ఱాయి, ప్రక్కన వేపచెట్టు, అంతియే. ఆమె మనకు తల్లి. ఆమెను పై పది తెగలలో చేర్చుట నా యుద్దేశము కాదు. కాని నెలవుగల శక్తియెడ ఎట్లు మెలగవలెనో మనకు ఆమెయే నేర్పినది. కట్టమన్ను త్రవ్విన అమ్మ కోపించునని పెద్దలు చెప్పిరి. త్రవ్విన కట్ట తెగునని ఇంజనీర్లు చెప్పుదురు. రెండు మాటలును విన్నవాని చెరువు నిలుచును.

2020 అక్టోబరు వానలలో బాలాపూరు గుర్రము చెరువు కట్ట తెగినప్పుడు ఆ నీరు దిగువనున్న హాఫిజ్ బాబానగరు మున్నగు బస్తీల ఇండ్లలో జొచ్చినది. బియ్యము, బట్టలు, పిల్లల పుస్తకములు తడిసి బురదయైనవి. ఎక్కడనైనను శిఖము భూమిలో గోడలు లేచి, వాగు పూడి, అలుగు దారి మూసికొనిపోయిన పిమ్మట నీరు ఎవరి అనుమతికిని ఆగదు. ఆషాఢమున కొత్తకుండలో అన్నము వండి, వేపమండలు కట్టి, పైన దీపముంచి మైసమ్మకు బోనమెత్తుదుము. మఱునాడు ఆ తల్లి కాచు చెరువులోనే చెత్తబండి బోర్లించినచో ఆ బోనమెవరికి చెందును?

కావున నేను గ్రహించిన మర్యాదలు నాలుగు మనవి చేసెదను. మొదటిది, తీసికొనుటకు ముందు అడుగుట: చెట్టు కొట్టుటకైనను, బావి త్రవ్వుటకైనను ఒక్క నిమిషము ఆగి, ఇచట మనకంటె ముందెవరున్నారని తలంచుట. రెండవది, అక్కఱకు మించి తీసికొనకుండుట. మూడవది, వారి నెలవును మలినము చేయకుండుట. నాలుగవది, తీసికొన్నదానికి బదులు చెల్లించుట: బోనముతోపాటు ఒక తట్ట పూడికమన్ను ఎత్తుట, కొట్టిన చెట్టునకు మాఱుగా రెండు మొక్కలు నాటుట.

ఒక హెచ్చరిక కూడ అవసరము. ఈ విశ్వాసమును సాకుగా గొని బాణామతి యనియు, చేతబడి యనియు దిక్కులేని ఆడదానిపై నింద మోపి కొట్టుట ఘోర పాపము, నేరము. జ్వరము వచ్చినవానిని వైద్యుని యొద్దకు చేర్పక గాలి సోకినదని మంత్రగానికి సొమ్ము పోయుట తెలివి కాదు. యక్షుడు ధర్మరాజును మెచ్చినది అతని భయమును చూచి కాదు, న్యాయమును చూచి. మనుష్యుని బాధించి దేవయోనులను మెప్పించినవాడు మన కావ్యములలో నాకు కనబడలేదు.

వారు నిజముగా ఉన్నారా యని యువకులు నన్ను నిలదీయవచ్చును. లెక్కలవాడను గనుక లెక్కల మాటయే చెప్పెదను. సొమ్ము కట్టినవాని ముఖము మనము చూడకపోయినను ఆ సొమ్మును జమ వ్రాయక తప్పదు. నీరు, నీడ, పంట మన పద్దులో జమయై యున్నవి. ఇచ్చినవారి పేరు యక్షుడందురో, మైసమ్మ యందురో, ప్రకృతి యందురో, అది మీ యిష్టము. ఖర్చు మాత్రమే వ్రాసి జమను దాచినవాని పుస్తకము ఏ తనిఖీలోను నిలువదు.

కడపట ఒక విన్నపము. మన గ్రంథాలయము ఇరువదియైదేండ్లు పరుల పుస్తకములను కాపాడినది. ఇకమీదట మన ఊరి పుస్తకము నొకదానిని వ్రాయించుగాక! ప్రతి కుంట, ప్రతి బావి, ప్రతి పెద్దచెట్టు, దాని హద్దులు, దానిపై ఉన్న అమ్మ పేరు, దానిని గూర్చి ముసలివారు చెప్పు కథ, అన్నియు అందు చేరవలెను. పెద్దలు చెప్పుచుండగా విద్యార్థులు వ్రాయుదురు గాక. పేరు తెలిసినదానిని పూడ్చుటకు చేయి అంత త్వరగా రాదు. హద్దు వ్రాసియున్నదానిని ఆక్రమించుట అంత సులువు కాదు.