అన్నం పెట్టిన ఇల్లు, లెక్క రాసుకున్న సంఘం

ఈ సభ స్మరించుకుంటున్న డొక్కా సీతమ్మ (1841–1909) కోనసీమలోని లంకల గన్నవరంలో, గోదావరి పాయ వైనతేయకు దాపున కాపురముండి, రేవు దాటి వచ్చే బాటసారులకూ, వరదకు ఇల్లు మునిగిన లంకవాసులకూ ఏళ్ల తరబడి అన్నం పెట్టిన గృహిణి. నదీగర్భంలో ఒండ్రు మేటవేసి ఏర్పడిన భూమినే లంక అంటారు కనుక, అక్కడ పండించుకునేవారి బతుకు ఏటి దయ మీద ఆధారపడి ఉండేది. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయి డెల్టాలో వరి విస్తరించడంతో ధాన్యం మిగిలిన ఇళ్లు ఎన్నో ఉండి ఉంటాయి. వేళ కాని వేళ వచ్చిన వారికి సైతం పొయ్యి రాజేసిన ఇల్లుగా జనం చెప్పుకున్నది మాత్రం ఆమె ఇంటినే.

అదే కాలంలో ప్రభుత్వ సహాయం మరొక దారిన నడిచింది. 1876–78 నాటి కరువులో, అంటే ధాత నామ సంవత్సరంతో మొదలైన ఆ కాటకంలో, మద్రాసు రాజధానిలోని బళ్లారి, కర్నూలు, కడప జిల్లాలు అల్లాడుతుండగా, ఆకలి నిజమో కాదో తేల్చడానికి బక్కచిక్కిన మనుషుల చేత రోడ్డు పనులూ చెరువు పనులూ చేయించారు. భారత ప్రభుత్వం కరువు ప్రతినిధిగా పంపిన సర్ రిచర్డ్ టెంపుల్ 1877లో పురుషుడి దినకూలిని ఒక పౌను ధాన్యానికి, అంటే సుమారు 450 గ్రాములకు, పైన ఒక అణాకు తగ్గించగా, అది ప్రాణం నిలపడానికి చాలదని మద్రాసు వైద్యాధికారి కార్నిష్ గట్టిగా అభ్యంతరం చెప్పాడు. కొన్ని నెలలకే ఆ కూలిని సవరించవలసి వచ్చింది. ఆకలిగొన్నవాడిని ముందుగా అనుమానించే సహాయం ఎంత క్రూరంగా మారగలదో చెప్పడానికి ఆ కొన్ని నెలలు చాలు.

అయితే అన్నదానానికీ ఒక హద్దు ఉంది: పెట్టే ఇల్లు ఎంత పెద్దదైనా, తినేవారికి ఆ గాదె మీద అధికారం ఉండదు. ఆ అధికారం పేదల చేతికి రావడం 1990లలో విస్తృతంగా కనిపిస్తుంది. నెల్లూరు జిల్లా దూబగుంటలో అక్షరాస్యత తరగతులకు వచ్చిన స్త్రీలు సారా అంగడిని ఎదిరించగా, ఆ ఉద్యమం రాష్ట్రమంతా పాకి 1993లో సారా నిషేధానికి దారితీసింది. ఆ ఉద్యమం ఊపులోనే ఆ జిల్లాలో రోజుకో రూపాయి చొప్పున దాచుకునే పొదుపు సంఘాలు ఊరూరా వెలిశాయి. పది పదిహేను మంది స్త్రీలు చాప మీద కూర్చుని, ఎవరెంత కట్టారో, ఎవరికి పురుగుమందుకు అప్పు కావాలో, ఎవరి బిడ్డకు జ్వరమో తేల్చుకున్నాక, చదువు వచ్చిన ఒకామె తీర్మానాల పుస్తకంలో రాస్తే, మిగతావారు సంతకమో వేలిముద్రో వేసేవారు. అప్పు అడిగే మనిషిని ఎరిగినవారే అప్పు ఇవ్వడం ఆ సంఘాల అసలు బలం.

ఆ బలం అందనివారూ ఉన్నారు. రోజుకో రూపాయి మిగలని కూలి ఇల్లు సంఘం గడప తొక్కలేకపోయింది. 2000 తర్వాత ప్రభుత్వ పేదరిక నిర్మూలన పథకమైన వెలుగు కింద గ్రామైక్య సంఘాలు, అంటే ఊళ్లోని పొదుపు సంఘాల సమాఖ్యలు, ఇంటింటి అవసరాలు ముందే రాసుకుని బియ్యం టోకున కొని, కూలి డబ్బులు చేతికొచ్చాక కట్టేలా అరువిచ్చే పద్ధతి చేపట్టడానికి కారణం అదే. నెలకు సరిపడా బియ్యం ఒకేసారి ఇంటికి చేరడంతో, కూలి దొరకని వారంలో ఆ ఇంటి తల్లి దుకాణదారు చెప్పిన ధరకు పావుకిలో, అరకిలో కొనవలసిన అవసరం తప్పింది.