గ్రామాధికారము – కౌటిల్యుని హెచ్చరిక

గ్రామపెద్దలారా!

అధికారమును గూర్చి మన పూర్వులు చేసిన యాలోచనలు నేటి గ్రామపరిపాలనమున కెంతవరకు పనికివచ్చునో మీతో ముచ్చటింపదలచితిని. అందులకు కౌటిల్యుని అర్థశాస్త్రమును గ్రహించుచున్నాను.

ఈ గ్రంథము చిరకాలము మరుగుపడి యుండెను. మైసూరు గ్రంథాలయమునకు చేరిన తాళపత్రప్రతిని పరిశోధించి శామశాస్త్రిగారు 1909లో ముద్రింపించిరి. ఇది కపటోపాయముల పుట్ట యని పలువురు తలతురు. గూఢచారుల ప్రసక్తి యిందు లేకపోలేదు. కాని నాకు ముఖ్యముగా తోచునది వేరు: అధికారము చేతికి వచ్చిన మనుష్యుని ఈ గ్రంథకర్త గ్రుడ్డిగా నమ్మడు.

రాజ్యమునకు స్వామి, అమాత్యుడు, జనపదము, దుర్గము, కోశము, దండము, మిత్రుడు అని యేడంగములు చెప్పబడినవి. స్వామి మొదటివాడే, అయినను ఏడింటిలో నొకడు. ఉద్యోగులు కోశధనము నపహరించు మార్గములు నలుబదియట! తక్కువ యిచ్చి యెక్కువ వ్రాయుట, ఒకరివలన వచ్చిన సొమ్మును వేరొకరి పేర వ్రాయుట మున్నగునవి వానిలోనివి. ఈ మార్గములు మనకు క్రొత్తవి కావుగదా!

ఇందులకు కౌటిల్యుడు చెప్పిన కట్టుబాట్లు సులభమైనవి. ఒక్కొక్క శాఖకు పెక్కుమంది ముఖ్యు లుండవలెను. వారు శాశ్వతముగా నుండరాదు. ఆషాఢమాసముతో సంవత్సరపు లెక్కలు ముగించి యొప్పజెప్పవలెను. పనిమీద వచ్చిన ప్రజలను రాజు వాకిట నిలువబెట్టరాదు. నిలువబెట్టినచో చుట్టునున్నవారు కార్యాకార్యములను తారుమారు చేయుదురు.

ఇక నేటి సంగతి. 1992లో జరిగిన రాజ్యాంగపు 73వ సవరణము 1993 ఏప్రిలు 24వ తేదీనుండి అమలులోనికి వచ్చినది. పంచాయతీకి అయిదేండ్ల గడువు, స్త్రీలకు మూడవవంతుకు తక్కువకాని స్థానములు, ఓటర్ల జాబితాలోని వారందరితో కూడిన గ్రామసభ ఏర్పడినవి. కౌటిల్యుని కాలమున ఉద్యోగిని కనిపెట్టుటకు గూఢచారి కావలసివచ్చెను. నేడాపనిని గ్రామసభ పట్టపగలు పదిమంది యెదుట చేయవచ్చును. రహస్యముగా చెవిలో చెప్పుటకంటె బహిరంగముగా ప్రశ్నించుట ఉభయులకును గౌరవము.

కాని జరుగుచున్న దేమి? పెక్కు గ్రామములలో స్త్రీ సర్పంచిగా నెన్నిక యగును. ఆమె భర్తయో, మామయో అధికారము చెలాయించును. ఎన్నికకు ముందే నలుగురు పెద్దలు అరుగుమీద కూర్చుండి పదవి యెవరిదో నిర్ణయింతురు. గ్రామసభ సంతకములతోనే ముగియును. కౌటిల్యుడు భయపడిన "చుట్టునున్నవారు" ఎవరో యిపుడు తెలిసినదా? అయ్యలారా, కోపగింపకుడు, వారు మనమే. సర్పంచిని నిందించుటకు ముందు, ఆ వాకిట అడ్డముగా నిలిచినది మనము కాదుగదా యని చూచుకొనవలెను.

పెద్దరికము శాసనము వలన వచ్చినది కాదు. నమ్మకము వలన వచ్చినది. కావున దానికి లెక్క యడుగువారు లేరు. లెక్క యడుగువారు లేని యధికారమే మిక్కిలి జాగ్రత్తగా వాడుకొనవలసినది.

నా మనవి స్వల్పము. రాబోవు గ్రామసభకు మీరు ముందుగా వెళ్ళుడు. వచ్చిన సొమ్మెంత, వ్యయమైన దెంత, ఏ పనికి అని అందరును వినునట్లు చదివింపుడు. ఎన్నికైన స్త్రీయే యధ్యక్షస్థానమున కూర్చుండి సమాధానము చెప్పునట్లు చూడుడు. వెనుక వరుసలో నిలిచిన కూలివాడు ప్రశ్న వేసినచో, అతని నూరక కూర్చుండు మనక, మాట పూర్తి చేయనిండు. మీరు విన్నచో గ్రామమంతయు వినును.

సెలవు.