సర్టిఫికెట్ ఖరీదు ఎంత?

 

పోయిన వారం మన కేంద్రంలో పాఠం సగంలో ఆగింది. గుర్తుంది కదా? ఒక అక్క కొంగు ముడి విప్పి ఒక కాగితం తీసింది. "టీచరమ్మా, ఇది చదివి చెప్పు" అన్నది. "నువ్వే చదువక్కా" అన్నాను. కూడబలుక్కుని చదివింది. "వె-ల్డిం-గు. స-ర్టి-ఫి-కెట్టు. ఒక సంవత్సరం. ఫీజు 30,000."

ఆ అక్క కొడుకుకు 18 ఏళ్ళు. పది పాసయ్యాడు. మేడ్చల్‌లో గేట్లు, గ్రిల్స్ చేసే షాపులో హెల్పర్. నెలకు 12,000 తెస్తాడు. ఇప్పుడు పని మానేసి ఈ కోర్సు చదువుతానంటున్నాడు. అక్క తన కమ్మలు తాకట్టు పెడదామనుకుంటున్నది. పెట్టాలా, వద్దా? పోయిన వారం మనం చేసిన లెక్క ఈరోజు మళ్ళీ చేద్దాం. నోటుపుస్తకం తీయండి.

ఖర్చు అంటే ఫీజు ఒక్కటే అనుకుంటాం. కాదు. ఆ ఏడాది ఇంటికి రాని జీతం కూడా ఖర్చే. 12,000 ను 12 తో హెచ్చవేయండి. 1,44,000. దానికి ఫీజు 30,000 కలపండి. 1,74,000. కమ్మల మీద తెచ్చే డబ్బుకు నూటికి 2 రూపాయల మిత్తి. నెలకు 600, ఏడాదికి 7,200. అదీ కలిపితే 1,81,200. ఈ అంకె చూసి అక్క నోరు తెరిచింది. "ముప్పై వేలే అనుకున్న గదమ్మా!" అన్నది.

ఇక రాబడి చూద్దాం. సర్టిఫికెట్ వచ్చాక నెలకు 18,000 వస్తుందనుకుందాం. ఇది లెక్క కోసం నేను అనుకున్న అంకె. ఎవరూ హామీ ఇచ్చింది కాదు. ఇప్పటికంటే 6,000 ఎక్కువ. 1,81,200 ను 6,000 తో భాగించండి. 30 నెలలు, ఆ పైన కొంచెం. రెండున్నర ఏళ్ళలో పెట్టింది తిరిగి వస్తుంది. బాగానే ఉందనుకుని నేను సుద్దముక్క కింద పెట్టాను.

అప్పుడు వెనుక కూచున్న పెద్దమ్మ అడిగింది. "సదువుకోకున్నా ఏడాదికి పిలగాని చెయ్యి తిరుగదా? షాపాయన జీతం పెంచడా?"

నిజమే! టీచర్ ట్రైనింగ్ చేసిన నాకు ఆ మాట తట్టలేదు. షాపులోనే ఉంటే ఏడాదికి 14,000 అవుతుందనుకోండి. అప్పుడు తేడా 4,000 మాత్రమే. 45 నెలలు పడుతుంది. తేడా 2,000 అయితే 90 నెలలు. అంటే ఏడున్నర ఏళ్ళు! అంతకాలం కమ్మలు విడిపించకపోతే మిత్తి ఇంకా పెరుగుతుంది.

కాబట్టి ఆ కాగితం ఎవరికి చూపిస్తాం అన్నదే అసలు ప్రశ్న.

గేట్ల షాపులో దాన్ని ఎవరూ చూడరు. రెండు ఇనుప ముక్కలు చేతికిచ్చి "అతికించు" అంటారు. అతుకు గట్టిగా ఉంటే పని దొరికింది. పెద్ద కంపెనీ గేటు దగ్గర అలా కాదు. ముందు సర్టిఫికెట్ అడుగుతారు. తర్వాతే చేతిపని చూస్తారు. మన శామీర్‌పేట పక్కన తుర్కపల్లి జీనోమ్ వ్యాలీ ఉంది. అక్కడ మందులు, టీకాలు చేస్తారు. ఇలాంటి చోట స్టీలు పైపులు ఉంటాయి. వాటిని ఆర్గాన్ గ్యాసుతో అతుకుతారు. పైపు లోపల కూడా గ్యాసు నింపుతారు. లేకపోతే అతుకు లోపలి వైపు నల్లబడి పాడవుతుంది. గేటు అతికే చెయ్యి ఆ పనికి చాలదు. విడిగా నేర్చుకోవాలి. దక్షిణ మధ్య రైల్వే తీసుకునే అప్రెంటిస్‌లలో వెల్డర్లు కూడా ఉంటారు. వాళ్ళు ఐటిఐతో పాటు పదో తరగతి మార్కులూ చూస్తారు. అక్క కొడుకు పది పాసయ్యాడు కాబట్టి ఆ దారి మూసుకుపోలేదు.

మరి అక్క కాగితంలో ఉన్నది ఆ సర్టిఫికెటేనా? నేను రెండుసార్లు చదివాను. "ఉద్యోగం గ్యారంటీ" అని పెద్ద అక్షరాలు ఉన్నాయి. ప్రభుత్వ గుర్తింపు గురించి ఒక్క ముక్క లేదు. నాకు మా అన్న గుర్తుకొచ్చాడు. ఆయన ఒకచోట ఇలాగే డబ్బు కట్టాడు. ఆ సంస్థ పేరు చెప్పను. రంగు కాగితం ఇచ్చారు. ఉద్యోగానికి వెళ్తే అది చెల్లదన్నారు. మా నాయన అమ్మిన బర్రె తిరిగి రాలేదు.

ఐటిఐలో వెల్డర్ కోర్సు ఒక సంవత్సరం. 8వ తరగతి పాసైతే చాలు. డీజీటీ అనే కేంద్ర ప్రభుత్వ సంస్థ గుర్తింపు ఉండాలి. పరీక్ష పాసైతే జాతీయ ట్రేడ్ సర్టిఫికెట్ వస్తుంది. సర్కారు ఐటిఐలో ఫీజు తక్కువ. ప్రైవేటు ఐటిఐ అయితే గుర్తింపు ఉందో లేదో ముందే చూసుకోవాలి. సంస్థకే కాదు, వెల్డర్ ట్రేడుకు కూడా ఉండాలి. ఈ సంగతి సర్కారు ఐటిఐలో అడగవచ్చు.

ఐటిఐ తర్వాత కంపెనీలో అప్రెంటిస్‌గా చేరవచ్చు. 2019లో ఐటిఐ వాళ్ళకు నెలకు కనీసం 7,000 ఇవ్వాలని నియమం పెట్టారు. కంపెనీ ఎక్కువ ఇవ్వవచ్చు. కనీసమే ఇస్తే అది పిల్లవాని ఇప్పటి జీతం కంటే తక్కువ. ఆ ఏడాది లోటు కూడా లెక్కలో రాసుకోండి. కానీ మంచి కంపెనీలో స్థిరపడితే పీఎఫ్ ఉంటుంది. ఈఎస్ఐ ఉంటే ఇంటివాళ్ళకూ వైద్యం దొరుకుతుంది.

లెక్కకు అందని సంగతి ఇంకొకటి ఉంది. అక్కే చెప్పింది. కొన్ని రాత్రులు పిల్లవాడు కళ్ళలో ఇసుక పోసినట్టుందని ఏడుస్తాడట. అద్దం అడ్డం లేకుండా వెల్డింగ్ మంటను చూస్తే అలాగే అవుతుంది. షాపులో ఒకే అద్దం ఉంది. అది మేస్త్రి చేతిలో ఉంటుంది. జింకు పూసిన పైపును వెల్డింగ్ చేస్తే వచ్చే పొగకు జ్వరం కూడా వస్తుంది. ఇవన్నీ ఐటిఐలో మొదటే చెబుతారు. షాపులో దెబ్బ తగిలాక తెలుస్తాయి. చదువు సంగతి తేలేదాకా పిల్లవానికి సొంత అద్దం కొనివ్వమన్నాను. కొన్నది.

కమ్మలు ఇంకా అక్క చెవులకే ఉన్నాయి. ఈ సోమవారం మేము ఇద్దరం సర్కారు ఐటిఐకి వెళ్తున్నాం. పిల్లవాని పది మెమో, టీసీ, ఆధార్, కులం, ఆదాయం కాగితాలు సంచిలో పెట్టుకుంది. అడగాల్సిన ప్రశ్నలు తానే రాసుకుంది. సీటు ఎప్పుడు? ఫీజు ఎంత? స్కాలర్‌షిప్ వస్తుందా? పోయినసారి చదివినవాళ్ళు ఇప్పుడు ఎక్కడ పని చేస్తున్నారు? జీతం ఎంత?

చివరి రెండు ప్రశ్నలు పెద్దమ్మ రాయించింది.