సైకిలు మీద పలకరింపు



రేడియోలో నమస్కారం చెప్పడం తేలిక. చేతులు ఖాళీగా ఉంటాయి, ఎదుట మనిషి ఉండడు. సైకిలు మీద వెళ్ళేవారికి ఆ సుఖం లేదు. రెండు చేతులూ హ్యాండిలు మీద, చూపు గోతుల మీద ఉండగా ఎదురుగా తెలిసిన మనిషి వస్తాడు. నోరు తెరిచి పలకరించాలా, తల ఊపి సాగిపోవాలా, దిగి నిలబడాలా? చిన్న విషయమే అనుకుంటాం. కాని "చూసి కూడా చూడనట్టు పోయాడు" అన్న ఒక్క మాట మీద రాకపోకలు మానుకున్న ఇళ్ళు మన పల్లెల్లో లేవా, మీరే చెప్పండి.

అస్కానే తీసుకుందాం. ఒడియావారు ఆసికా అంటారు. ఋషికుల్యలో బడానది వచ్చి కలిసే చోటు. బరంపురం నుంచి హింజిలికాటు మీదుగా సుమారు 40 కిలోమీటర్లు. 1936 ఏప్రిల్ 1న ఒడిశా వేరే రాష్ట్రంగా ఏర్పడేదాకా ఈ గంజాం ప్రాంతమంతా మద్రాసు ప్రెసిడెన్సీలోనిదే. అందుకే ఈ దారుల్లో ఎదురయ్యే మనిషి ఇంట్లో తెలుగు మాట్లాడతాడో, ఒడియా మాట్లాడతాడో ముఖం చూసి చెప్పలేం. ఆలోచించుకోడానికి వ్యవధి కూడా ఉండదు. గంటకు 15 కిలోమీటర్ల చొప్పున ఇద్దరు ఎదురెదురుగా వస్తుంటే సెకనుకు 8 మీటర్లకు పైగా దూరం తరిగిపోతుంది. 25 మీటర్ల దూరంలో ఆనవాలు పట్టినా మీ చేతిలో ఉన్నవి 3 సెకన్లు. ఆ మూడు సెకన్లలో భాష ఎంచుకోవాలి, వరస గుర్తు తెచ్చుకోవాలి, గొయ్యి కూడా తప్పించుకోవాలి.

పెద్దవాళ్ళు దీనికి మంచి ఉపాయమే చెప్పి పెట్టారు. బయలుదేరిన మనిషిని "ఎక్కడికి?" అని అడగకూడదు, వెళ్ళే పని చెడుతుందని మన నమ్మకం. "ఎందాకా?" అనాలి. నమ్మకం సంగతి ఎలా ఉన్నా, సైకిలు మీద వెళ్ళేవాడికి ఈ మాట ఎంతో అనుకూలం. "ఎక్కడికి?" అంటే ఊరి పేరు, పని పేరు, ఒక్కోసారి అప్పు పేరు కూడా చెప్పాల్సి వస్తుంది. "ఏటి బావా, ఎందాకా?" అంటే "ఇలాగే, ఇక్కడిదాకా" అని తొక్కుతూనే జవాబు చెప్పవచ్చు. అడిగినవాడికీ తృప్తి, చెప్పినవాడి గుట్టూ దక్కుతుంది. సెలవు తీసుకునేటప్పుడు మనం "వెళ్తాను" అనకుండా "వెళ్ళొస్తాను" అంటాం. ఒడియావారు కూడా వెళ్తూ వెళ్తూ "ఆసుఛి" అనే అంటారు, అంటే వస్తున్నానని. రెండు భాషలు పక్కపక్కన కాపురం చేస్తే మర్యాదలు కూడా ఇలా దగ్గర పోలికతోనే ఉంటాయి కాబోలు.

ఏ భాషలో పలకరించాలి అన్న ప్రశ్నకు నా జవాబు ఇది. తెలియనివారైతే "నమస్కార్" చాలు, ఇటూ చెల్లుతుంది, అటూ చెల్లుతుంది. పెద్దవయసు ఒడియా ఆయనైతే "జుహార్" అనండి, ముఖం వికసిస్తుంది. నడివయసువారిని "భాయినా" అనో "మౌసా" అనో పిలిస్తే ఎవరూ తప్పు పట్టరు. పర్లాకిమిడిలో పనిచేసిన గిడుగు రామమూర్తి పంతులుగారు సవరల భాష నేర్చుకుని, దానికి వ్యాకరణమూ నిఘంటువూ రాశారు. మనల్ని ఎవరూ నిఘంటువు రాయమనడం లేదు, రెండు మాటలు నేర్చుకోమంటున్నారు.

జవాబు రాలేదని నొచ్చుకునేవారికి ఒక మనవి. అవతలి సైకిలును కూడా చూడండి. రెండు పక్కలా పాలబిందెలు కట్టుకున్నవాడు, వెనక కొబ్బరికాయల బస్తా వేసుకున్నవాడు చెయ్యి ఎత్తితే చక్రం తిరగబడుతుంది. ఎదురుగాలిలో తొక్కేవాడికీ, వంతెన మిట్ట ఎక్కేవాడికీ ఊపిరే చాలదు, మాటెక్కడిది? వాళ్ళు కనురెప్ప ఆడించినా అది నమస్కారమే. ముందుగా పలకరించాల్సింది దిగువకు వచ్చేవారు, ఖాళీగా వెళ్ళేవారు. అన్నట్టు, అస్కాలో ఖంబేశ్వరి అమ్మవారి గుడి ముందు నుంచి పోతూ రెండు చేతులూ వదిలి దండం పెట్టుకునేవారికి కూడా ఇదే మనవి. ఒక కాలు నేలకు ఆన్చి పెట్టుకుంటే అమ్మవారు కాదనదు, వెనక వచ్చే లారీవాడూ సంతోషిస్తాడు.

గంట సంగతి మరొకటి. వెనక నుంచి ఒక్కసారి మెల్లగా మోగిస్తే "వస్తున్నానండీ" అని అర్థం. ఆగకుండా మోగిస్తే "తప్పుకో" అని అర్థం. ముసలివాళ్ళ వెనక రెండో రకం మోగించడం పలకరింపు కాదు, గద్దింపు. చెరకు బళ్ళూ ట్రాక్టర్లూ మిల్లు దారిలో బారులు తీరే రోజుల్లో, చీకటి పడ్డాక, గంట కన్నా నోటి మాటే మేలు. ఎద్దులు గంటకు బెదరవచ్చు. "పక్కనున్నాను మావా" అంటే బండివాడికి మీరెక్కడున్నారో తెలుస్తుంది. ఆ చీకట్లో లైటు లేని సైకిలుకు ఈ మాటే లైటు.

ఇక దిగడం గురించి. గురువుగారు ఎదురైతే దిగుతాం, శవయాత్ర వస్తే దిగి పక్కకు నిలబడతాం. ఇవి మన ఇష్టంతో చేసేవి, ఉండవలసినవే. కాని సైకిలు దిగడానికి మరో చరిత్ర కూడా ఉంది, దాన్ని దాటవేసి మర్యాద గురించి మాట్లాడటం నాకు ఇష్టం లేదు. ఎన్నో ఊళ్ళలో దళితులు పెద్ద కులాల వీధిలోకి రాగానే సైకిలు దిగి, చెప్పులు చేతపట్టుకుని నడవాలన్న కట్టడి ఉండేది. దాన్ని కూడా "మర్యాద" అనే పిలిచారు. రాజ్యాంగం 1950లోనే అంటరానితనాన్ని రద్దు చేసింది. 1989 నాటి అత్యాచారాల నిరోధక చట్టానికి 2015లో చేసిన సవరణలో, దళితులనూ గిరిజనులనూ బహిరంగ ప్రదేశాల్లో సైకిలు ఎక్కనివ్వకపోవడం నేరమని పేరు పెట్టి మరీ రాశారు. అంత ఆలస్యంగా, అంత విడమరచి రాయవలసి వచ్చిందంటే ఆ కట్టడి ఎంత మొండిదో ఊహించుకోండి. కాబట్టి ఒక కుర్రవాడు మీ గుమ్మం ముందు నుంచి దిగకుండా తొక్కుకుంటూ పోతే, "ఈ కాలం పిల్లలకు భయం లేదు" అని సణగకండి. ముందుగా మీరే "ఏం బాబూ, బాగున్నావా?" అనండి. పలకరింపు కింది నుంచి పైకే పోవాలన్న నియమం ఎక్కడా లేదు.

ఆడపిల్లల విషయంలో లెక్క వేరు. 1990ల మొదట్లో తమిళనాడులోని పుదుక్కోట్టై జిల్లాలో అక్షరాస్యత ఉద్యమంతో పాటు వేలాది పల్లె స్త్రీలు సైకిలు నేర్చుకున్నారు. 2006లో బీహారు ప్రభుత్వం బడికి వెళ్ళే బాలికలకు సైకిళ్ళు ఇవ్వడం మొదలుపెట్టింది, ఒడిశాలోనూ అటువంటి పథకం వచ్చింది. బడి దూరమైతే పిల్ల చదువు ఆగిపోయే ఇళ్ళకు సైకిలు ఎంత ఆధారమో మీకు తెలుసు. ఆ పిల్లను దారిలో ప్రతివాడూ పలకరించడం, పక్కన చేరి తొక్కడం, వెనక గంట కొట్టడం మొదలుపెడితే ఏమవుతుంది? ఇంట్లో చెబితే సైకిలు మాన్పిస్తారని ఆమె చెప్పదు. చెబితే చదువే మానవలసి వస్తుంది. ఆమె ముందుగా పలకరిస్తే బదులు చెప్పండి. లేకుంటే ఎడం ఇచ్చి ముందుకు సాగిపోవడమే పెద్దరికం.

2020 లాక్‌డౌన్ నాటి దారులు కూడా గుర్తు తెచ్చుకోవాలి. గంజాం నుంచి సూరత్ వంటి చోట్లకు కూలికి పోయినవారు ఎందరో. పని ఆగి, రైళ్ళు ఆగి, దొరికిన సైకిలు మీద వందల కిలోమీటర్లు తొక్కుకుంటూ ఇళ్ళకు బయలుదేరిన వలస కూలీలను దేశమంతా చూసింది. అప్పుడు చెయ్యి కలపడానికి లేదు, దగ్గరికి రావడానికి లేదు. కొన్ని ఊళ్ళు కంచెలు కట్టుకున్నాయి. కొన్ని ఊళ్ళవాళ్ళు రోడ్డు పక్కన నీళ్ళూ అన్నం పెట్టి, దూరం నుంచే "తిని పోండి" అన్నారు.

ఇప్పుడు తలకు టోపీ, కళ్ళకు నల్లద్దాలు పెట్టుకుని వ్యాయామానికి తొక్కేవారు కూడా పెరిగారు. వాళ్ళలో వాళ్ళు రెండు వేళ్ళెత్తి పలకరించుకుంటారు, బాగానే ఉంది. పాతసైకిలు మీద పనికి పోయే మేస్త్రీకి కూడా ఆ రెండు వేళ్ళు ఎత్తితే ఇంకా బాగుంటుంది. ఆయన కూడా ఆ రోడ్డునే, అన్ని మైళ్ళూ, రోజూ తొక్కుతున్నాడు.

చివరిగా, దారి పక్కన సైకిలు పడుకోబెట్టి కూర్చున్నవాడు కనిపిస్తే "ఎందాకా?" అనకండి. "గాలి పోయిందా? గొలుసు ఊడిందా?" అని అడగండి. మీ దగ్గర పంపు లేకపోతే, ముందు ఊళ్ళో పంక్చరు కొట్టు తెరిచి ఉందో లేదో చెప్పి వెళ్ళండి. పొద్దు వాలాక నడిపించుకుంటూ పోవాలా, బస్సు ఎక్కించాలా అన్నది ఆ ఒక్క మాటతో అతను తేల్చుకోగలడు.