పని లేనివాళ్ళ గడి

(ఆర్థికశాస్త్ర విద్యార్థినుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



గణాంకాలంటే సగటులు, సూత్రాలు అని పరీక్ష కోసం చదువుకుంటాం. నేనూ అలాగే చదివాను. కూడికలు మొదలవకముందే, ఏది లెక్కలోకి రావాలో ఎవరో నిర్ణయించి ఉంటారన్న సంగతి ఊళ్ళోకి వెళ్ళాకగానీ తెలియలేదు.

పిహెచ్.డి. కోసం ప్రశ్నావళి పట్టుకుని ఒక ఇంటికి వెళ్ళాను. ఆవిడ గేదెకి కుడితి పెడుతోంది. "ఏం పని చేస్తావక్కా?" అన్నాను. "నాకేం పనమ్మా, ఇంటికాడే ఉంటా" అంది. అంటూనే పేడతట్ట నెత్తికెత్తుకుంది. నేను "పని లేదు" అని రాసుకున్నాను! ఆ ఇంటి పాలు రోజూ కేంద్రానికి వెళ్ళేవి. ప్రభుత్వ నిర్వచనం ప్రకారం చూసినా ఆవిడ శ్రామికురాలే. తప్పు నా ప్రశ్నది. మర్నాడు వెళ్ళి, "పొద్దున లేచిన దగ్గర్నుంచీ ఏమేం చేశావు?" అని అడిగాను. రాయడానికి గంట పట్టింది.

అయితే ప్రశ్న సరిగ్గా అడిగినా నిర్వచనం అడ్డొచ్చే చోట్లున్నాయి. నేషనల్ శాంపిల్ సర్వేలో 92వ కోడ్ ఇంటిపని మాత్రమే చేసేవాళ్ళకి. ఇంటిపనితో పాటు కట్టెలు, ఆకుకూరలు, పశువుల మేత ఏరి తెచ్చుకునేవాళ్ళకి, ఇంటి వాడకానికి బట్టలు కుట్టేవాళ్ళకి 93. ఇద్దరూ శ్రామికశక్తికి బయటే. కట్టెలమోపు బజార్లో అమ్మితే పని, మన పొయ్యిలో పెడితే కాదు.

ఇక సగటుల సంగతి. కాల వినియోగ సర్వే 1998-99లో ఆరు రాష్ట్రాల్లో జరిగింది, వాటిలో మన ఆంధ్రప్రదేశ్ లేదు. 2019లో దేశమంతటా చేశారు. జీతం లేని ఇంటిపనికి రోజుకి స్త్రీలు 299 నిమిషాలు, పురుషులు 97 నిమిషాలు వెచ్చిస్తున్నారని తేలింది. గంటన్నర పైనే, పర్వాలేదే అనిపిస్తుంది కదా? ఆగండి. అది ఇంటిపని చేసేవాళ్ళ సగటు మాత్రమే. ఆ పని ముట్టుకున్న పురుషులు నూటికి 26 మంది, స్త్రీలు 81 మంది. మగవాళ్ళందరినీ కలిపి లెక్కేస్తే 25 నిమిషాలే! ఎప్పుడు సగటు కనిపించినా, దేనితో భాగించారో ముందు చూడండి.

ఈ గడులు కాగితం మీదే ఆగిపోవు. రోడ్డు ప్రమాదంలో చనిపోయిన ఒక గృహిణి కేసులో ట్రిబ్యునల్ 6 లక్షల పరిహారం లెక్కగట్టి, ఆవిడకి సంపాదన లేదని 2.5 లక్షలకి తగ్గించింది. 2010లో సుప్రీంకోర్టు మళ్ళీ 6 లక్షలు చేసింది. 2001 జనాభా లెక్కల్లో గృహిణులను బిచ్చగాళ్ళతో, ఖైదీలతో ఒకే గాటకట్టడాన్ని కూడా తప్పుపట్టింది. ఆ మూడున్నర లక్షల కోసం ఆవిడ కుటుంబం ఢిల్లీ దాకా వెళ్ళాల్సి వచ్చింది.

ఇక మీ ప్రశ్నలు వింటాను.